రెండో కోట

ఈమధ్య కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లు కనపడితే ఒక ప్రశ్న అడుగుతున్నారు. "మేడం, ఎంట్రెన్సుల గురించి తల్లిదండ్రులకు చెప్పడానికి మీ రోజుల్లో ఏం చేసేవాళ్ళు?" అని. వాళ్ళ చేతిలో వాట్సాప్ గ్రూపులున్నాయి, వీడియోలున్నాయి. అయినా పరీక్ష ముందురోజు ఎవరో ఒక తల్లి ఫోన్ చేసి, "ఇంతకీ ఈ పరీక్ష దేనికి సార్?" అంటుందట. మేం ఇంటింటికీ తిరిగేవాళ్ళం నాయనా అంటాను నేను. తిరిగినంత మాత్రాన అందరికీ అన్నీ అర్థమైపోయాయని అనుకోకండి. ఒక్కోసారి మనం సరైన మాటే చెబుతాం. వాళ్ళూ సరిగ్గానే వింటారు, చెప్పినట్టే చేస్తారు. అయినా కొంప మునుగుతుంది. అలా మునగబోయిన ఒక కొంప సంగతి చెబుతాను, వినండి.

నేను కోటలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. గూడూరు నుంచి వాకాడు పోయే దారిలో ఉంటుంది మా కోట. ఇప్పుడు జిల్లా మారిందంటారు గానీ, ఏ జిల్లా అని అడిగితే నా నోటికి ఇంకా నెల్లూరే వస్తుంది. సముద్రం ఒడ్డు పల్లెల పిల్లలూ, చిల్లకూరు వైపు వరి రైతుల పిల్లలూ, కోట బజారులో చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్ళ పిల్లలూ మా దగ్గర చదివేవాళ్ళు. డాక్టరు చదువుకు దేశమంతటికీ ఒకటే పరీక్ష అని వచ్చిన కొత్తలో, ఆ కబురు ఇళ్ళకు చేర్చే పని నాకూ, మా జువాలజీ సారుకూ పడింది.

జువాలజీ సార్ నాకంటే బాగా చిన్నవాడు. ఏ పనైనా అదే అయిపోతుందిలే అనుకునే మనిషి. నేను అందుకు పూర్తిగా తలకిందులు. గ్యాస్ కట్టేశానో లేదోనని బస్టాండు దాకా వచ్చి మళ్ళీ ఇంటికి పోయే రకం. ఆయన స్కూటర్ మీద ముందు పోయేవాడు, నేను షేర్ ఆటోలో వెనక చేరేదాన్ని. నేను పోయేసరికి ఆయన ఆ ఇంట్లో మజ్జిగ తాగుతూ, సగం డాక్టర్లను తయారుచేసి ఉండేవాడు.

రైతుల ఇళ్ళలో ఒకటే గొడవ. "ఇంటర్లో మార్కులు తెచ్చుకున్నాక మళ్ళా ఇంకో పరీక్షేంది మేడం? కల్లంలో ఒకసారి తూకమేసినాక అయిపాయ గదా?" అని చిల్లకూరు వైపు ఒక పెద్దాయన నిలదీశాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే జువాలజీ సార్ అందుకున్నాడు. "మిల్లు కాడ మళ్ళా తూకం వెయ్యరా పెద్దాయనా?" ఆయన కాసేపు ఆలోచించి, "ఏస్తారు. తగ్గిచ్చే ఏస్తారు" అన్నాడు దిగులుగా. పరీక్ష స్వభావం ఆయనకు మాకంటే బాగా అర్థమైందని నాకనిపించింది.

నేను చెప్పాల్సినవి చెప్పి, చివర్లో తప్పకుండా ఒక మాట చెప్పేదాన్ని. "దరఖాస్తులో పరీక్ష ఏ ఊళ్ళో రాస్తారని అడుగుతారు. మీకు అన్నిటికంటే దగ్గరి ఊరు పెట్టుకోండి. దూరం పెట్టుకుంటే పిల్లలు ఎండల్లో, రైళ్ళల్లో అల్లాడిపోతారు." ఆ మాట మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. మిగతావన్నీ కాగితాల్లో ఉన్నవే, ఇది మాత్రం నా సొంత బుర్రలో పుట్టింది.

ఆ ఏడు సెకండియర్లో ఒక అమ్మాయి ఉండేది. పరుపులు కుట్టే ఆయన కూతురు. తెలుగు మాట్లాడే సాయిబుల ఇల్లు వాళ్ళది. బజారు చివర దూది ఏకే మిషను పెట్టుకుని, ఆ వెనకే కాపురం ఉండేవాళ్ళు. ఆ పిల్ల పుస్తకం పట్టుకుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. నా ఉద్యోగం మొత్తంలో అంత శ్రద్ధగా ఆకును కోసి గాజుపలక మీద పెట్టిన పిల్లను నేను చూడలేదు. ఈ పిల్ల డాక్టరు కాకపోతే మేం చెప్పే పాఠాలు ఎవరికి అని జువాలజీ సార్ అనేవాడు. నేను అంత మాట అనను గానీ మనసులో అదే ఉండేది.

తండ్రి నెమ్మదైన మనిషి. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట్లో పెళ్ళయినా పరుపులు ఆయన కుట్టినవే. పొద్దున పోయి సందె వేళకు ఇంటికి చేరాల్సిందే. ఊరందరినీ మెత్తగా పడుకోబెట్టిన ఆయన తాను మాత్రం ఒక్క రాత్రి పరాయి చోట పడుకోలేదని భార్య నవ్వేది. మేం పోయి పరీక్ష సంగతి చెప్పినప్పుడు ఆయన అంతా విన్నాడు. పరీక్ష నెల్లూరులో ఉంటుందనేసరికి తల అడ్డంగా ఊపాడు.

"ఆడబిడ్డని బస్సెక్కిచ్చి పంపిస్తే అది తిరిగొచ్చిందాకా నాకు చెయ్యాడదు మేడం. సూది నా యేలికే గుచ్చుకుంటాది. ఇప్పుడు పరీచ్చంటారు, రేపు హాస్టలంటారు. నా వల్ల కాదు."

"మీరూ తోడు పోవచ్చు గదా అన్నా" అన్నాడు జువాలజీ సార్.

"కోట దాటి పంపను సార్. మన కోటలో పెట్టమనండి. కోటలో అయితే నిమ్మళంగా రాయమనండి, నేనేం వద్దన్లా."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. భయపడేవాళ్ళ బాధ భయపడేవాళ్ళకే తెలుస్తుంది. మర్యాదగా వద్దనడానికి ఆయన ఎంచుకున్న మాట అది. ఎందుకంటే కోటలో అలాంటి పరీక్ష పెట్టరని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. లేచి వచ్చేశాం.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి ల్యాబులోకి వచ్చి, "నాయన ఒప్పుకున్నాడు మేడం, అప్లై చేసేసినా" అంది. ఎలా ఒప్పించావని అడగాలని నాకు తోచలేదు. పండగ రోజు పాయసం దేంతో చేశారని ఎవరడుగుతారు? ఆ సాయంత్రం నుంచే జువాలజీ సార్, నేనూ ఆమెకు పాఠాలు మొదలుపెట్టాం. వేసవి వచ్చింది. ల్యాబు రేకుల కప్పు కింద ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం.

పరీక్ష ఇంకో వారం పది రోజులుందనగా, ఎవరికి ఏ ఊరు పడిందో తెలిసే రోజు వచ్చింది. ఆ పిల్ల ఫోన్ పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"సెంటర్ మన కోటే పడింది మేడం!"

నాకు అర్థం కాలేదు. కోటలో సెంటరేమిటి? పెడితే గిడితే మా కాలేజీలోనే పెట్టాలి, మాకు తెలియకుండా ఎలా పెడతారు? జువాలజీ సార్ నవ్వుతూ ఆ ఫోన్ తీసుకుని, రెండు వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేసి చూశాడు. ఆ నవ్వు కొంచెం కొంచెంగా చప్పబడిపోయింది. ఆయన ముఖం అలా కావడం నేను మొదటిసారి చూశాను.

"మేడం, ఇది మన కోట కాదు."

"మరి?"

"రాజస్థాన్ కోట."

జరిగింది ఇది. నెట్ సెంటర్లో దరఖాస్తు నింపేటప్పుడు పరీక్ష ఊరు దగ్గర ఈ పిల్ల ఊరికే ఆశకు కోట అని కొట్టమంది. కొట్టగానే కోట వచ్చింది. "మనూరు గూడా లిస్టులోకి వచ్చేసిందమ్మే!" అని నెట్ సెంటర్ ఆయన సంబరపడ్డాడు. పక్కన చిన్న అక్షరాల్లో రాష్ట్రం పేరు ఉంది. సొంత ఊరి పేరు కనిపించిన సంతోషంలో పక్కన ఏముందో ఎవరు చూస్తారు? దేశంలో డాక్టరు చదువుల కోచింగుకు పేరుపడ్డ ఊరు ఒకటుందనీ, దాని పేరు కూడా కోటేననీ మా బజారులో ఎవరికి తెలుసు? ఆ పిల్ల ఇంటికి పోయి తండ్రికి చెప్పింది, కోటలోనే పెట్టారని. అన్న మాట ప్రకారం ఆయన సరేనన్నాడు. రెండో కోరికగా నెల్లూరు, మూడోదిగా తిరుపతి పెట్టారు. కానీ మొదటి కోరికే తీరింది. దగ్గరి ఊరు పెట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఊరు మార్చుకునే గడువు ఎప్పుడో అయిపోయింది. జువాలజీ సార్ ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాడు. అవతల పాట వచ్చేది, పాట అయ్యాక ఫోన్ తెగిపోయేది. ప్రిన్సిపాల్ గారు సంగతి విని, "వచ్చే ఏడు రాస్తుందిలేమ్మా, ఇది బయటికి పొక్కనీకండి, నవ్విపోతారు" అన్నారు. ఆయన మాటలో తప్పులేదు. కానీ ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి, నేలచూపులు చూస్తూ చెప్పింది.

"వచ్చే ఏడుండదు మేడం. కోట అని చెప్పబట్టే నాయన ఒప్పుకున్నాడు. అబద్ధం చెప్పి ఒప్పిచ్చినానని అనుకుంటాడు. ఇంక నా మాట యాడ నమ్ముతాడు?"

పరీక్ష పోవడం కంటే ఆ పిల్లకు ఇదే పెద్ద భయం. ఇంటికి పోయి తండ్రికి నువ్వు చెప్పు అని ఆ పిల్లను ఒక్కదాన్నీ పంపడానికి నా మనసొప్పలేదు. ముగ్గురం కలిసి బయలుదేరాం.

మేం పోయేసరికి దూది మిషన్ ఆడుతోంది. ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఆ రొదలో జువాలజీ సార్ అరిచి చెప్పబోయాడు. నేను చెయ్యి పట్టి ఆపాను. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. ఆయన మమ్మల్ని చూసి మిషన్ ఆపాడు. దూది నలుసులు మెల్లగా నేలకు దిగుతుండగా నేను చెప్పాను. ఎవరూ అబద్ధం చెప్పలేదనీ, ఒకే పేరుతో రెండు ఊళ్ళున్నాయనీ ముందు చెప్పి, తర్వాత అసలు సంగతి చెప్పాను.

ఆయన ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పాడు. తర్వాత అడిగిన మొదటి మాట వింటే మీరు నవ్వుతారు.

"మనూరి పేరు వాళ్ళెట్ట పెట్టుకున్నారు మేడం?"

"వాళ్ళూ అదే అనుకుంటుంటారేమో అన్నా" అన్నాడు జువాలజీ సార్.

"ఎంత దూరం?"

"రైల్లో ఒకటిన్నర రోజు."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు. "వద్దులే పాపా" అన్నాడు మెత్తగా. "మనకి రాసి పెట్టిలేదు. డిగ్రీలో చేరుదువులే." కోప్పడి ఉంటే ఎదురు మాట్లాడవచ్చు. మెత్తగా వద్దనే మనిషితో ఎలా పోట్లాడతాం? ఇక లేద్దామని జువాలజీ సారుకు సైగ చేశాను కూడా.

అప్పుడు లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. చేతికి అంటిన పిండి కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లో నిలబడింది. ఆమె ఎక్కువ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నువ్వేమని చెప్పినావు ఆ పొద్దు? కోటలో అయితే రాయమనండి అన్నావా, లేదా?"

"అన్నా. మన కోట అనుకోని..."

"ఊరి పేరే చెప్పినావు గదా. ఏ రాష్ట్రమో చెప్పలా. బిడ్డ నువ్వు చెప్పిన ఊరే పెట్టింది. ఇప్పుడు మాట నువ్వు తప్పినట్టా, అది తప్పినట్టా?"

పరుపుల ఆయన భార్యను చూశాడు, నన్ను చూశాడు, ఏకిన దూది కుప్పను చూశాడు. మాట మీద బతికే మనిషి. ఫలానా రోజుకు పరుపు ఇస్తానంటే వానలో అయినా నెత్తిన పెట్టుకుని తీసుకుపోయి ఇచ్చేవాడని ఊళ్ళో పేరు. ఆ పేరుతోనే ఆమె ఆయన్ను కట్టేసింది.

"నాకు ఆ ఊరి బాస రాదే" అన్నాడు చివరికి.

"నేను వస్తాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం కలిగింది. చిన్నప్పుడు వరసగా హిందీ పరీక్షలు రాసినదాన్ని. ఆ హిందీ ఇన్నాళ్ళూ అలమరలో పట్టుచీరలాగా మడతపెట్టి ఉంది.

టిక్కెట్ల సంగతి జువాలజీ సార్ చూసుకున్నాడు. స్టేషనుకు వచ్చి మమ్మల్ని ఎక్కించి, కిటికీ పక్కన నడుస్తూ, "అదే అయిపోతుందిలే మేడం" అన్నాడు. ఆ మాట మీద నాకెప్పుడూ నమ్మకం లేదు గానీ, ఆ రోజు మాత్రం ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

అనుకున్న ప్రకారం మేం పరీక్షకు ముందురోజు పొద్దున్నే దిగాలి. రైలుకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రెండో రోజు ఎక్కడో ఎండిపోయిన పొలాల మధ్య ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. కదులుతుంది, కాసేపు పోతుంది, మళ్ళీ ఆగుతుంది. కిటికీ ఊచలు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఆ పిల్ల మాత్రం పై బెర్తు మీద పుస్తకంలో తల పెట్టింది. నేను కింద కూర్చుని, ఇంత ఆలస్యమైతే ఎప్పుడు చేరతాం, ఇంకాస్త ఆలస్యమైతే ఏమవుతుంది అని లెక్కలు వేస్తూ గోళ్ళు కొరుక్కున్నాను. తండ్రి నా కంటే ఘోరం. ప్రతి ఆగినచోటా తలుపు దాకా పోయి రైలు ఇంజను వైపు చూసి వచ్చేవాడు, తానేదో సాయం పట్టాలన్నట్టు.

ఎదురు బెర్తులో ఒక తెల్లగడ్డం పెద్దాయన సలాం చేసి ఈయనతో ఉర్దూలో మాటలు కలిపాడు. ఈయన సలాం అన్నాడు. ఆ తర్వాత ఒక్క మాట లేదు. పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడని నాకనిపించి, ఈయనకు తెలుగు తప్ప రాదని హిందీలో చెప్పాను. ఆయన నమ్మలేనట్టు చూశాడు.

"ఆయనకి చెప్పండి మేడం, మా తాతల కాడి నుంచీ మాకు తెలుగేనని. నమాజు ఒకటే అరబ్బీలో" అన్నాడు ఈయన. చెప్పాను. పెద్దాయన నవ్వి తన సంచిలోంచి ఖర్జూరాలు తీసి పెట్టాడు, ఈయనా నవ్వాడు. ఆ ప్రయాణంలో పరుపుల ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

దిగేసరికి పొద్దు వాలుతోంది. స్టేషన్ బోర్డు మీద ఆయనకు తెలిసిన అక్షరం ఒక్కటీ లేదు. "ఏమని రాసుంది పాపా?" అన్నాడు. "కోట అనే నాయనా" అంది ఆ పిల్ల. ఆయన బోర్డును కిందికీ పైకీ చూశాడు, మోసం ఎక్కడుందో కనిపెట్టాలన్నట్టు.

మర్నాడు పరీక్ష. ఎండ నిప్పులు చెరుగుతోంది. సెంటర్ గేటు ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. చెవిపోగులు తీయించేవాళ్ళు తీయిస్తున్నారు, బూట్లు విప్పించేవాళ్ళు విప్పిస్తున్నారు. మా పిల్ల వంతు వచ్చింది. గేటు దగ్గరి పోలీసాయన హాల్ టికెట్ చూశాడు, ఆధార్ కార్డు చూశాడు, మళ్ళీ హాల్ టికెట్ చూశాడు. ఆమెను పక్కకు నిలబెట్టి ఇంకొకరిని పిలిచాడు. ఇద్దరూ తలలు కలిపి ఆ కార్డు మీదికి వంగారు. వెనకున్న పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. మా పిల్ల ఒక్కతే పక్కన నిలబడి ఉంది.

"ఏమైంది మేడం? ఏమంటాండారు?" పరుపుల ఆయన నా పక్కకు వచ్చి అడిగాడు. నాకు వినపడదు, తాడు దాటి ముందుకు పోనివ్వరు. గేటు మూసే వేళ దగ్గరపడింది. మూస్తే ఇక దేవుడు దిగొచ్చినా తెరవరు. పేరు తప్పు పడిందా? ఫోటో పోల్చుకోలేకపోతున్నారా? ఇంత దూరం తీసుకొచ్చి గేటు ముందు నిలబెట్టానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన తాడు పట్టుకుని, "అయ్యా, మా పాప మంచిదయ్యా!" అని తెలుగులో కేక వేశాడు. ఆ కేక ఎవరికి అర్థమవుతుంది?

అప్పుడు ఆ పోలీసాయన తలెత్తి పెద్దగా నవ్వాడు. "కోటా సే కోటా!" అన్నాడు. చిరునామాలో కోట, పరీక్ష ఊరు కోట, మధ్యలో దేశంలో సగం. అది చూసి ముచ్చటపడి పక్కవాణ్ణి పిలిచాడట, అంతే. ఆ పిల్ల లోపలికి పోయింది. గేటు మూశారు. ఆ ముచ్చట తీర్చుకోవడానికి ఆయనకు ఇంకే వేళా దొరకలేదా అని నేను తెలుగులో నాలుగు మాటలు అన్నాను. అర్థం కాని భాష వల్ల అదొక సుఖం.

మధ్యాహ్నమంతా ఒక మూసిన కొట్టు పంచన కూర్చున్నాం. నమాజు వేళయిందని ఆయన లేచాడు. వచ్చేటప్పుడు ఆటోలోంచి ఒక మసీదు చూశాడట, దగ్గరేనన్నాడు. మసీదులో మోగుతుందేమోనని ఫోన్ నా చేతికిచ్చి పోయాడు.

గేటు తెరిచారు. పిల్లలు బయటికి వస్తున్నారు. మా పిల్ల వచ్చింది. ఆయన మాత్రం రాలేదు.

"నాయనేడి మేడం?" అన్నదే ఆ పిల్ల మొదటి మాట. చెప్పాను. కాసేపు చూశాం. గుంపు పలచబడిపోయింది. ఆయన ఫోన్ నా సంచిలో ఉంది, నా నంబరు ఆయనకు నోటికి రాదు. ఆ సందులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎటు చూసినా హాస్టళ్ళే, ఎటు చూసినా అవే బోర్డులు. ఆయన చదవగలిగిన బోర్డు ఒక్కటి కూడా లేదు.

"మీరు ఈడే ఉండండి మేడం. నాయనొస్తే మనం లేకపోతే ఇంకా అల్లాడిపోతాడు. నేను చూసొస్తా" అంది ఆ పిల్ల. వద్దు అనేలోపే సందు మలుపు తిరిగింది.

అప్పటి నా పరిస్థితి ఎలా చెప్పను? తండ్రి తప్పిపోయాడు, ఇప్పుడు కూతుర్ని కూడా పోనిచ్చాను. కోట బజారు దాటి ఒంటరిగా నడవని పిల్ల. పదో తరగతి హిందీ తప్ప ఇంకో ముక్క రాదు, అదీ పాసుకు తక్కువ మార్కులు చాలునని పిల్లలు నవ్వుకునే సబ్జెక్టు. ఆ వాకిట్లో వాళ్ళమ్మ ముఖం కళ్ళ ముందుకొచ్చింది. ఆమెకు నేనేం చెప్పాలి? దణ్ణం పెట్టుకోవడానికి తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను, ఆ మసీదు దేవుణ్ణీ పిలిచాను. సిగ్గు పడకుండా చెబుతున్నాను, నడిరోడ్డు మీద ఏడ్చాను.

ఎంతసేపటికో సందు చివర ఇద్దరూ కనిపించారు. ఆ పిల్ల ముందు నడుస్తోంది. ఆయన ఆమె వెనకే, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు.

దగ్గరికి రాగానే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక, ఆపుకోలేక చెప్పింది. మసీదు నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఈయన సందు తప్పాడు. దారి అడగాలి. ఎలా అడగాలి? సెంటర్ పేరు నోరు తిరగదు. తెలిసిన పేరు ఒక్కటే. కనిపించిన వాళ్ళనల్లా "కోట? కోట?" అని అడిగాడు. ఔను, కోటే, కోటేనని వాళ్ళందరూ తలలు ఊపారు. ఎటు పోవాలని చెయ్యి తిప్పి సైగ చేస్తే, ఇదంతా కోటేనని వాళ్ళూ చెయ్యి తిప్పి చూపించారు. ఆ పిల్ల మాత్రం తనకున్న హిందీతోనే, తెల్లచొక్కా, పొట్టి మనిషి, హిందీ రాదు అని అంగడి అంగడికీ చెప్పుకుంటూ పోయింది. చివరికి ఒక పాల అంగడాయన, ఎవరో ఒకాయన ఊరి పేరు పలవరిస్తూ తిరుగుతున్నాడని చెయ్యి చూపించాడట.

చెప్పడం పూర్తయ్యేసరికి ఆ నవ్వు ఏడుపయింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పరీక్ష ఎలా రాశావని ఆ రోజు మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. రాత్రి భోజనాలయ్యాక ఆ పిల్లే చెప్పింది, ఫిజిక్స్ సరిగా చెయ్యలేదని.

ఆ ఫిజిక్సే ముంచింది. ర్యాంకు వచ్చింది గానీ సీటుకు చాలలేదు. సీటు మరుసటి ఏడు వచ్చింది, ఇప్పుడామె డాక్టరు. మీకు ఆ సంగతి ముఖ్యం కావచ్చు, కానీ నాకు గుర్తుండిపోయింది వేరు.

రిజల్టు వచ్చిన వారానికి జువాలజీ సార్, నేనూ మళ్ళీ ఆ ఇంటికి బయలుదేరాం. పిల్లను ఒక ఏడు విజయవాడ హాస్టల్లో పెట్టి కోచింగ్ ఇప్పిస్తే తప్పకుండా సీటు వస్తుంది. తండ్రి ఏమంటాడో మాకు తెలుసు. కాబట్టి ఆయన ఒక్కో అభ్యంతరానికీ ఒక్కో జవాబు దారి పొడవునా తయారుచేసుకుంటూ పోయాం.

ఆయన అరుగు మీద కూర్చుని పరుపు అంచు కుడుతున్నాడు. మేం నోరు తెరవకముందే, "హాస్టల్ మాట్టాడొచ్చినాం మేడం, విజయవాడలో" అన్నాడు.

జువాలజీ సార్ తయారుచేసుకున్న జవాబులన్నీ వృథా అయిపోయాయి. ఆయనకు ఊరుకోవడం తెలియదు. "మరి ఆడపిల్లని అంత దూరం పంపిస్తే నీకు చెయ్యాడదంటివే అన్నా? భయం లేదా?" అనేశాడు. నేను ఆయన కాలు తొక్కాను.

పరుపుల ఆయన దారం పంటితో కొరికి, ముడి వేసి, తలెత్తాడు.

"భయం యాడికి పోతాది సార్? ఉండాది. కానీ ఆ ఊరి సందుల్లో తిరిగినాక నాకు తెలిసొచ్చింది. తప్పిపొయ్యేది నేను సార్, ఆ పిల్ల కాదు."